మాస్టారి కొడుకు చదివే బడి

వేసవి సెలవులంటే పిల్లలకు సెలవులు. ప్రైవేటు బడి మాస్టార్లకు మాత్రం అసలు పని అప్పుడే మొదలవుతుంది. పరీక్షలు అయిన మర్నాటి నుంచి చొక్కా టక్ చేసుకుని, ఇద్దరిద్దరు చొప్పున బండెక్కి ఊళ్ల మీద పడతారు. సంచి నిండా రంగురంగుల కరపత్రాలతో మిట్టమధ్యాహ్నం వచ్చే ఆ జంటను చూసి, పురుగుమందుల కంపెనీ వాళ్లేమో అనుకుని మా వైపు రైతులు మంచం వాలుస్తారు. పిల్లల పేర్లు, తరగతులు అడగడం మొదలుపెట్టాక గానీ తెలియదు, వీళ్లు అమ్మేది మందు కాదు, చదువని. అయినా మంచం తీసెయ్యరు. మజ్జిగ కూడా ఇస్తారు. మాస్టారంటే ఇంకా ఆ మాత్రం మర్యాద మిగిలి ఉంది, ఎన్నాళ్లుంటుందో చెప్పలేను గానీ.

ఇద్దర్ని కలిపి పంపడంలో యాజమాన్యానికి ఒక లెక్క ఉంది. ఒక్కణ్ణే పంపితే ఏ టీ కొట్టు దగ్గరో కూర్చుని సాయంత్రం తిరిగొచ్చి, ఎవరూ దొరకలేదని చెప్తాడు. లేదంటే తెలిసినవాళ్ల ఇంట్లో మనసు కరిగి నిజం చెప్పేస్తాడు. ఇద్దరుంటే ఒకరి నోటికి ఇంకొకరు కాపలా.

జయరావు అలాంటి ఒక స్కూల్లో లెక్కలు చెప్తాడు. ఒంగోలు వెళ్లే హైవే పక్కన నాలుగంతస్తుల మేడ అది. పిల్లలు ఆడుకోవడానికి చోటు లేదు గానీ బస్సులు పెట్టుకోవడానికి బోలెడంత చోటుంది. ఆయన ఎమ్మెస్సీ, బీఈడీ. డీఎస్సీ ఎప్పుడు పడుతుందా అని ఏళ్లకు ఏళ్లు ఎదురుచూసి, పడినప్పుడు కొద్దిలో పోగొట్టుకుని, మళ్లీ ఎదురుచూస్తూ వయసు దాటించుకున్న వాళ్లలో ఒకడు. లెక్కలు బ్రహ్మాండంగా చెప్తాడు. మాటలే చెప్పలేడు. అందుకే డైరెక్టరు ఆయనకు గోపాలకృష్ణను జత చేశాడు. గోపాలకృష్ణ చెప్పేది సోషల్ పాఠాలే గానీ, ఆయన నోరు తెరిస్తే గోడ కూడా అప్లికేషన్ మీద సంతకం పెడుతుంది.

ఆ ఏడాది జయరావు ఒక ఊరి పేరు ఎత్తకుండా తప్పించుకు తిరుగుతున్నాడు. అక్కడికి వెళ్లే దారి బాగాలేదనీ, నిరుడే అందర్నీ కలిశామనీ ఏదో ఒకటి చెప్పేవాడు. అది ఆయన అక్క సామ్రాజ్యం ఊరు. బావ పేరు కోటి, మిరప రైతు. వాళ్ల ఒక్కగానొక్క కూతురు ఉదయశ్రీ ఆ ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిది పూర్తి చేసి పదిలోకి వస్తోంది. చుట్టుపక్కల నాలుగూళ్లలో అంత చురుకైన పిల్ల లేదని పేరు. జయరావు కొడుకు బాలుది కూడా అదే తరగతి, కాకపోతే తండ్రి పనిచేసే స్కూల్లో. వాడు మంచి పిల్లాడు. అంతకుమించి వాడి చదువు గురించి చెప్పుకోవడానికేమీ లేదు.

మే నెల మొదట్లో డైరెక్టరు జయరావును గదిలోకి పిలిచాడు. ఏసీ చల్లగా ఉంది.

"మీ మేనకోడలంటగా," అన్నాడు. "మాకు చెప్పనే లేదేంటండీ మాస్టారూ?"

జయరావు నీళ్లు నమిలాడు. చెప్పింది గోపాలకృష్ణేనని అర్థమైంది.

"ఫీజు వద్దు, హాస్టలు డబ్బులు వద్దు, పుస్తకాలు కూడా మనవే. పదో తరగతి ఒక్క ఏడు మన దగ్గర చదివితే చాలు. మీరు తేకపోతే హైవే అవతలి స్కూలు వాళ్లు ఎత్తుకుపోతారు. మీ ఇంటి పిల్ల మన గేటు దాటి అటుపోతే ఊళ్లో మనం తలెత్తుకోగలమా చెప్పండి."

ఎందుకింత ప్రేమ అంటే ఫ్లెక్సీ కోసం. ఫలితాలు వచ్చిన సాయంత్రానికల్లా బస్టాండు ముందు ఎన్నికల్లో గెలిచిన వాళ్ల బొమ్మల్లా పిల్లల బొమ్మలు లేస్తాయి. ఒకటి నుంచి తొమ్మిది దాకా ఆ పిల్లకు అక్షరం నేర్పిన సర్కారు బడి పేరు అక్కడ ఉండదు. ఆఖరి ఏడాది కూర్చోబెట్టుకున్న స్కూలు పేరే ఉంటుంది. పంట ఒకరు పండిస్తే, చివరి కోత నాడు బస్తాలు తెచ్చి నిలబడేవాడిదే సరుకు అన్నట్టుంది వ్యవహారం. నాకు కడుపు మండుతుంది. అయినా ఆ బస్టాండులో బస్సు కోసం నిలబడ్డప్పుడు నేనూ ఆ మొహాలే చూస్తాను, మార్కులే చదువుతాను.

జయరావు భయం వేరు. ఉదయశ్రీకి నూజివీడు ట్రిపుల్ ఐటీ మీద ఆశ ఉంది. హైస్కూల్లో లెక్కలు చెప్పే నస్రత్ టీచరు పెట్టిన ఆశ అది. పదో తరగతి మార్కులతోనే అక్కడ సీటిస్తారు. ఒకసారి లోపలికి వెళ్తే ఇంటరూ ఇంజినీరింగూ కలిపి ఆరేళ్లూ అక్కడే. లేకపోతే పిల్ల నడవాల్సిన దారి అందరికీ తెలిసిందే. కార్పొరేటు కాలేజీలో రెండేళ్లు తెల్లవారకముందు లేచి ఇంటరు, ఆపైన ఎంట్రెన్సు, ర్యాంకు, కౌన్సెలింగు, ఎక్కడో పొలాల మధ్య లేచిన ఇంజినీరింగు కాలేజీ. ఆ దారిలో ఏ మలుపులో ఆగిపోయినా అడిగేవాడుండడు. అదలా ఉంచితే, ట్రిపుల్ ఐటీలో సర్కారు బడి పిల్లలకు ఒక వెసులుబాటు ఉంది. మామూలు ప్రభుత్వ బడిలో చదివి పది పాసైన పిల్లలకు, వాళ్లకు వసతులు తక్కువ కాబట్టి, కొన్ని మార్కులు కలుపుతారు. చూడ్డానికి కొన్నే. కానీ అందరూ మంచి మార్కుల దగ్గరే కిక్కిరిసి ఉన్నచోట ఆ కొన్నే సీటు. పది ప్రైవేటులో చదివితే అవి పోతాయి.

ఈ సంగతి జయరావుకు తెలుసు, గోపాలకృష్ణకు తెలుసు, డైరెక్టరుకు ఇంకా బాగా తెలుసు.

ఇద్దరూ బండి మీద వెళ్లేసరికి కోటి కల్లంలో ఆఖరి కోత కాయ పట్టాల మీద ఎర్రగా పరిచి ఉంది. ఘాటుకి గోపాలకృష్ణ తుమ్మడం మొదలుపెట్టాడు. సామ్రాజ్యం ముక్కుకీ నోటికీ పాత చీర ముక్క కట్టుకుని, రంగుపోయి తెల్లబడ్డ తాలు కాయలు ఏరి పక్కన పోస్తోంది.

"ఏరా జయా, ఇంత ఎండన పడొచ్చావేంట్రా," అంది గుడ్డ కిందికి లాగి. "మరదలు మాధవి బాగుందా? బాలుని తీసుకురాలా?"

"మేం వచ్చింది మీ అమ్మాయి కోసం అక్కయ్యగారూ," అన్నాడు గోపాలకృష్ణ తుమ్ము ఆపుకుంటూ. ఇక ఆయన్ని ఆపేవాళ్లు లేరు. ఏసీ తరగతి గదులు, హైదరాబాదు నుంచి వచ్చే మెటీరియలు, హాస్టల్లో రాత్రిపూట పాలు, అన్నీ చెప్పాడు. అంతా ఉచితమని చివర్లో చెప్పాడు. ఏది ఎప్పుడు చెప్పాలో ఆయనకు తెలుసు.

కోటి కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఫ్రీ అంటారు, తర్వాత దానికనీ దీనికనీ అడగరుగా?"

"ఒక్క పైసా అడిగితే మీ బావమరిదిని అడగండి. ఇంటి మనిషే కదా."

అందరూ జయరావు వైపు చూశారు. అప్పుడే మజ్జిగ గ్లాసులతో వచ్చిన ఉదయశ్రీ కూడా చూసింది.

"మామయ్యా, పదో తరగతి అక్కడ చదివితే ట్రిపుల్ ఐటీకి మార్కులు కలపరంటగా? నస్రత్ టీచర్ చెప్పారు," అంది.

జయరావు నోరు తెరిచేలోపే గోపాలకృష్ణ అందుకున్నాడు. "కలిపితే వచ్చే సీటు మనకెందుకమ్మా? కలపకపోయినా వచ్చేటట్టు చదివిస్తాం. మీ మామయ్య లెక్కలు చెప్తుంటే నూటికి నూరు రావా నీకు?"

ఆ పిల్ల ఇంకా మామయ్యనే చూస్తోంది. ఏదో ఒకటి అనాలి. పక్కన మనిషి ఉన్నాడు.

"తొందరేం లేదు. ఆలోచించుకోండి," అన్నాడు జయరావు.

ఆయన తన మటుకు తాను వద్దని చెప్పాననే అనుకున్నాడు. సామ్రాజ్యానికి అది వేరేలా వినిపించింది. పరాయివాడు రండి రండి అని పిలుస్తుంటే, తోడబుట్టినవాడు ఆలోచించుకోండి అన్నాడు. ఆమె గుడ్డ మళ్లీ ముక్కు మీదికి లాక్కుని తాలు ఏరుకోసాగింది.

ఆదివారం జయరావు ఒక్కడే వెళ్లాడు. దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాడు. కోటి సరుకు తీసుకుని గుంటూరు యార్డుకి వెళ్లాడట. సామ్రాజ్యం పంచలో కూర్చుని ఉంది. ఉదయశ్రీ లోపల గిన్నెలు సర్దుతోంది.

"అక్కా, ఉదయని అక్కడ చేర్పించొద్దు," అన్నాడు కూర్చోకముందే. మొత్తం చెప్పాడు. ఈసారి మాట తడబడలేదు. "నిరుడు మా దగ్గర ఫస్టొచ్చిన పిల్ల ఫొటో బస్టాండు దగ్గర చూశావుగా? ఆ పిల్లకి ట్రిపుల్ ఐటీ రాలేదు. దానికంటే తక్కువొచ్చిన జడ్పీ బడి పిల్లలు వెళ్లారు. ఇక్కడే ఉంటే ఉదయకి సీటు ఖాయం. అక్కడికొస్తే చెప్పలేం."

సామ్రాజ్యం అంతా విన్నది. "మొన్న ఆయన ముందు ఈ మాట అనలేదేం?"

"ఉద్యోగం అక్కా."

"మొన్న ఉద్యోగం కోసం మాట మింగావు. ఇవాళ ఎవరి కోసం చెప్తున్నావో నాకెట్లా తెలుస్తుందిరా?"

"నీ కూతురి కోసమే."

"మాధవి ఏమన్నా అందా? నా కూతురు అక్కడికొస్తే మీ బాలుని దాటిపోతుందనీ, పక్కపక్కన పెట్టి చూస్తారనీ?"

జయరావుకి తల కొట్టేసినట్లయింది. "ఛ. అదేం మాటక్కా."

"మరి బాలు ఎక్కడ చదువుతున్నాడ్రా?"

సామ్రాజ్యం గొంతు పెంచలేదు. అదే ఆయనకు ఎక్కువ కష్టంగా ఉంది. మామూలుగా అయితే వీధి చివరికి వినపడేది.

"నస్రత్ టీచర్ కూడా నువ్వు చెప్పిందే చెప్పింది. మంచి మనిషి. ఆవిడ కూతురు చదివేది మీ స్కూల్లోనే. ఏమ్మా, మరి మీ పిల్లనెందుకు వెయ్యలేదు ఇక్కడ అని మొహం మీదే అడిగా. ఆవిడేం మాట్లాడలా. ఇప్పుడు నువ్వూ మాట్లాడట్లా. మీ పిల్లల్ని అక్కడ పెట్టుకుని, మా పిల్లల్ని ఇక్కడే ఉంచమంటారు. మీరు చెప్పేది నిజమే అయ్యుండొచ్చు. నేను చదువుకోలా. నాకు మీ రూల్సు తెలీవు. మాస్టారు తన కొడుకుని ఎక్కడ చదివిస్తాడో అదే మంచి బడనుకుంటా. అంతకుమించి నాకేం తెలుస్తుంది?"

మా వైపు ఊళ్లలో బడి మంచిదో కాదో తేల్చుకునే పద్ధతి ఇదే. ఫలితాలు, ర్యాంకులు, ఇనస్పెక్టర్ల రిపోర్టులు ఎవరికీ అక్కర్లేదు. చెప్పేవాడి పిల్లలు ఎక్కడున్నారు? యాజమాన్యాలకూ ఈ సంగతి తెలుసు. మాస్టార్ల పిల్లలు తమ స్కూల్లోనే చదవాలని అందుకే రూలు పెట్టాయి. జయరావు బాలుని బయటికి తీస్తే ఆయన కూడా బయటికి పోవాలి.

అన్నీ తెలిసీ ఆయన ఆ మాట అనేశాడు. "బాలుని కూడా ఈ బళ్లోనే వేస్తానక్కా. నీ ఇంట్లో ఉండి చదువుకుంటాడు."

సామ్రాజ్యం తమ్ముడి మొహంలోకి చూసింది.

"నోటితో కాదు. బడి తెరిచాక వాణ్ణి తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టు. అప్పుడు నా కూతురు ఇక్కణ్ణించి కదిలితే నన్నడుగు."

ఉదయశ్రీ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. అంతా విన్నట్టుంది. "నిజంగానా మామయ్యా? బాలుకి సైన్సు నేను చెప్తా. వాడికి ఫిజిక్స్ అసలు రాదు."

"నిజంగానే," అన్నాడు జయరావు. ఆ నిమిషంలో అది నిజమే. తిరిగొచ్చేటప్పుడు ఆయనకు ఎన్నో ఏళ్లుగా లేనంత హాయిగా ఉంది.

హాయి ఇంటి గుమ్మం దాకే. భార్య మాధవీలత మెషీను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టు కుడుతోంది. బాలు టీవీలో క్రికెట్ చూస్తున్నాడు. జయరావు చెప్పడం పూర్తయ్యేదాకా ఆమె మెషీను తొక్కుతూనే ఉంది. తర్వాత ఆపింది.

"మీ ఉద్యోగం పోతుంది. సరే, ట్యూషన్లు చెప్పుకుంటారు, నేను ఇంకో నాలుగు జాకెట్లు కుడతాను. దాని గురించి నేనేమీ అనను," అంది. "బాలుకి ట్రిపుల్ ఐటీ సీటు వస్తుందా?"

"రాదు."

"అక్కడ చేరితే వీడికేం లాభం?"

జయరావు ఆలోచించాడు. "నస్రత్ టీచర్ బాగా చెప్తుంది. బడి కూడా బాగానే ఉంది మాధవీ. కొత్త గదులు కట్టారు, బెంచీలు వేశారు, ఆడుకోవడానికి చోటుంది."

"బాగానే ఉందా? మరి ఇన్నేళ్లుగా ఊరూరా తిరిగి ఏం చెప్తున్నారండీ మీరు?"

జయరావు చేతిలోని బండి తాళం గోడ మేకుకి తగిలించాడు.

"ఉదయ నాకూ కూతురి లాంటిదే," అంది మాధవీలత. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "కానీ మీ మాట నిలబెట్టుకోవడానికి నా కొడుకుని సాక్ష్యం పెడతారా? పదో తరగతండీ. వాడు పాసవ్వాలా వద్దా? అక్కడ తప్పితే మీ అక్క వచ్చి రాస్తుందా పరీక్ష?"

ఆమె తప్పేం మాట్లాడలేదు. బిడ్డ గురించి భయపడే హక్కు సామ్రాజ్యానికి ఎంతుందో ఈమెకూ అంతే ఉంది. నాకు కోపం వాళ్లిద్దరి మీదా రాదు. ఇద్దరు తల్లుల్ని ఒకరి బిడ్డ మీద ఇంకొకరి బిడ్డను పందెం కాసేదాకా తీసుకొచ్చిన ఈ చదువుల వ్యవహారం మీదే వస్తుంది.

బాలు టీవీ గొంతు తగ్గించాడు. "నేను వెళ్తా నాన్నా. నాకు ఇక్కడ లెక్కల్లో తప్పులొస్తే అందరూ మాస్టారి కొడుకువి నీకు రాదేంట్రా అంటారు. అక్కడైతే అనరు. అత్తయ్య వాళ్లింట్లో గేదెలు కూడా ఉన్నాయి."

మాధవీలత కొడుకు వైపు చూసి, మళ్లీ మెషీను తొక్కడం మొదలుపెట్టింది. ఒప్పుకుందో లేదో జయరావుకి తెలియలేదు. గట్టిగా వద్దని మాత్రం ఇంకోసారి అనలేదు.

కాబట్టి ఇక మిగిలింది జయరావు ఒక్కడే. టీసీ అడగాలి. అంతే.

ఆయన అడగడానికి వెళ్లాడు కూడా. డైరెక్టరు గది బయట బెంచీ మీద కూర్చున్నాడు. లోపల ఎవరో తల్లిదండ్రులు ఉన్నారు. చెప్పాల్సిన మాట నోట్లో తిప్పుకుంటూ కూర్చున్నాడు. సార్, మా అబ్బాయి టీసీ కావాలి. ఇందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు. వాళ్లు బయటికి రాగానే డైరెక్టరే ఎదురొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"మీ కోసమే అనుకుంటున్నాను మాస్టారూ. ఈ ఏడాది టెన్త్ లెక్కలు మొత్తం మీ చేతుల్లో పెడుతున్నాం. ఇంఛార్జి మీరే. మన బాలుని కూడా ఫస్ట్ సెక్షన్‌లో వేశాను, అక్కడుంటే వాడే దారిలో పడతాడు. మీ మేనకోడలి సంగతి నెమ్మదిగా చూద్దాం, బలవంతం లేదు."

పదిహేనేళ్లుగా అక్కడ పనిచేస్తున్న జయరావుతో ఎవరూ ఇంఛార్జివి అనలేదు. ఆయనకు సంతోషం వేసింది. సంతోషం వేసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. రెండూ ఒకేసారి. "థాంక్యూ సార్," అని బయటికొచ్చాడు.

రేపు అడుగుతాను అనుకున్నాడు. రేపు మళ్లీ ప్రచారానికి పంపారు. ఒంటరిగా దొరికితే అడుగుతాను అనుకున్నాడు. డైరెక్టరు ఒంటరిగానే చాలాసార్లు దొరికాడు. ఇంట్లో మాధవీలత ఏమీ అడగలేదు. బాలు ఒకసారి, "నాన్నా, పాత యూనిఫాం పొట్టిదైంది, కొత్తది కొనాలా వద్దా?" అన్నాడు. జయరావు వాడితో వెళ్లి కొత్తది కొన్నాడు. ఈ స్కూలుదే. అక్కకి ఫోను చెయ్యలేదు. చేసి ఏం చెప్పాలో తెలియలేదు.

జూన్‌లో బడులు తెరిచారు.

మొదటి రోజు గేటు దగ్గర మాస్టార్లందరూ వరసగా నిలబడి, పిల్లలకు గులాబీలు ఇచ్చారు. జయరావు గులాబీలు ఇస్తూ ప్రతి బండినీ, ప్రతి ఆటోనీ చూశాడు. ఉదయశ్రీ రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. వారం గడిచేసరికి ఆయన గుండెల్లో బరువు దిగింది. అక్క తన మాట నమ్మిందన్నమాట. బాలుని చూపించకుండానే నమ్మింది. తోడబుట్టింది కదా. ఇక ఏ గొడవా లేదు, ఉద్యోగం ఉంది, బాలు ఉన్నచోటే ఉన్నాడు, పిల్ల సీటూ ఖాయం. ఆ ఆదివారం జయరావు చేపలు తెచ్చాడు. మాధవీలత పులుసు పెడితే రెండుసార్లు వడ్డించుకున్నాడు.

సోమవారం పొద్దున కోటి బండి మీద రేకు పెట్టె పెట్టుకుని వచ్చాడు. వెనక ఉదయశ్రీ కూర్చుని ఉంది. గోపాలకృష్ణ గేటు దాకా ఎదురెళ్లి పెట్టె అందుకున్నాడు. ఆయన ఆ ఇంటికి ఎన్నిసార్లు ఫోను చేశాడో, ఎన్నిసార్లు వెళ్లాడో జయరావుకి తెలియదు. పిల్లను తెచ్చినట్టు అడ్మిషను గోపాలకృష్ణ పేరు మీదే పడుతుంది.

"బావా," అన్నాడు జయరావు.

కోటి బండి స్టాండు వేస్తూ తలెత్తలేదు. "మీ అక్క నీకు ఏం చెప్పొద్దంది. నేనేం చెప్తాలే. పిల్లని చూసుకో," అని సంతకం పెట్టడానికి గోపాలకృష్ణ వెంట ఆఫీసులోకి వెళ్లాడు.

ఉదయశ్రీ కొత్త యూనిఫాంలో వరండాలో నిలబడింది. చొక్కా వదులుగా ఉంది. తరగతి గదిలో కిటికీ పక్కన కూర్చున్న బాలు ఆమెను చూసి చెయ్యి ఊపాడు. ఆమె కూడా ఊపింది.

"మన ఊరి బడికే వెళ్లా మామయ్యా, వారమంతా," అంది. "నా పక్కన బాలుకి చోటు ఉంచా. ఎవరొచ్చినా కూర్చోనివ్వలా. ఎవరికోసమే అని నస్రత్ టీచర్ అడిగితే, మా మామయ్య కొడుకు వస్తున్నాడని చెప్పా. రోజూ పొద్దున బస్సు వచ్చే టైముకి గేటు దగ్గర నిలబడేదాన్ని. శనివారం దాకా చూద్దామంది అమ్మ. శనివారం సాయంత్రం టీసీ తెచ్చేసింది."

జయరావుకు ఆమె మొహంలోకి చూడటానికి మొహం చెల్లలేదు. ఫోను చేయొచ్చు కదమ్మా అందామనుకున్నాడు. ఫోను చేయాల్సింది తాను. ఒక్క మాట, మేం రావట్లేదు, అయినా నువ్వు ఉండు అని ఒక్క మాట చెప్పి ఉంటే ఆ పిల్ల అక్కడే ఉండేదేమో. ఇప్పటికీ కోటి ఆఫీసులోనే ఉన్నాడు, సంతకం ఇంకా పెట్టలేదేమో. నాలుగంగల్లో వెళ్లి ఆపొచ్చు. ఆయన వెళ్లలేదు. వరండా చివర డైరెక్టరు రౌండ్సుకి బయల్దేరి ఇటే వస్తున్నాడు.

"అమ్మకి కోపం వచ్చింది గానీ నాకు రాలేదు మామయ్యా," అంది ఉదయశ్రీ గొంతు తగ్గించి. "నేను బాగా ఆలోచించా. అప్పుడేదో కంగారులో అన్నావు గానీ, తర్వాత నువ్వు లెక్కలన్నీ వేసి చూసే ఉంటావు. మార్కులు కలపకపోయినా నాకు సీటొస్తుందని తేలింది కాబట్టే బాలుని పంపలేదు. అంతేగా?"

ఆ కళ్లలో ఎగతాళి లేదు. నిజంగా అడుగుతోంది. ఆమె తల్లి నమ్మలేదు, తండ్రి నమ్మలేదు. ఈ పిల్ల మాత్రం ఆయన పిరికితనాన్ని కూడా సలహా అనుకుని నమ్మి, పెట్టె సర్దుకుని వచ్చింది.

డైరెక్టరు దగ్గరికి వచ్చి నవ్వుతూ నిలబడ్డాడు.

"అంతేనమ్మా," అన్నాడు జయరావు. "లోపలికి పద, క్లాసు మొదలుపెట్టాలి."

ఉదయశ్రీ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, మొదటి బెంచీలో కూర్చుని లెక్కల పుస్తకం తీసింది.